చెదలు ఓనరువి సరే, బొద్దింకలు ఎవరివి?

సంపాదకులకు,

తొలకరి పడిన సాయంత్రం ట్యూబులైటు చుట్టూ ఉసిళ్లు, అంటే రెక్కలొచ్చిన చెదలు, మూగుతాయి. తెల్లారేసరికి నేల మీద చారెడు రెక్కలు. వీధి వెలుతురుకు కిటికీలోంచి వచ్చినవైతే ఊడ్చి పారేస్తే సరిపోతుంది. అదే, తలుపులు మూసి ఉన్న గదిలో, ద్వారబంధం మొదట్లోనో కబోర్డు కిందో రెక్కలు కుప్పగా కనబడితే చెదలు ఆ కట్టడంలోనే కాపురం పెట్టాయని అర్థం. మొదటిదాంట్లో ఎవరి తప్పూ లేదు. రెండోది ఓనరు పట్టించుకోవలసిన విషయం. అద్దె ఇళ్లలో ఏటా ఈ రోజుల్లో మొదలయ్యే తగాదాల్లో ఈ తేడా చూసేవారు తక్కువ. పురుగు ఏదో, ఎక్కడి నుంచి వచ్చిందో తేల్చకముందే డబ్బు ఎవరు పెట్టుకోవాలన్న మాట వచ్చేస్తుంది. చివరికది ఖాళీ చేసే రోజున అడ్వాన్సులో కోతగా తేలుతుంది.

చట్టం ఏమంటోందని అడిగితే, సూటిగా ఏమీ అనడం లేదు. తెలంగాణలో నడుస్తున్న 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం మునిసిపల్ కార్పొరేషన్ల పరిధిలో నెలకు రూ.3,500 దాటిన అద్దెలకు వర్తించదు. ఆ డబ్బుకు ఒంటిగది పోర్షన్ కూడా దొరకని హైదరాబాద్‌లో ఆ చట్టం ఎందరిని కాపాడుతుందో ఊహించుకోవచ్చు. ఇక మిగిలేది 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం. దాని 108వ సెక్షన్‌లో మనకు పనికొచ్చే మాటలు మూడున్నాయి. ఇంటి వాడకానికి అడ్డొచ్చే పెద్ద లోపం యజమానికి తెలిసి ఉండి, వచ్చేవారికి మామూలు జాగ్రత్తతో చూసినా కనిపించనిదైతే, దాన్ని యజమాని ముందే చెప్పాలి. యజమాని చేయించవలసిన మరమ్మతును నోటీసు ఇచ్చాక కూడా తగిన వ్యవధిలో చేయించకపోతే, అద్దెకున్నవారు చేయించుకుని ఆ ఖర్చును వడ్డీతో సహా అద్దెలో పట్టుకోవచ్చు. అద్దెకున్నవారు ఇంటిని పుచ్చుకున్న స్థితిలోనే తిరిగి అప్పగించాలి, మామూలు వాడకంలో వచ్చే అరుగుదల మినహా. అయితే ఈ మూడూ ఒప్పందంలో వేరేగా రాసుకోనప్పుడు వర్తించేవే. పైగా ఏ మరమ్మతు యజమానిదో ఆ సెక్షన్ జాబితా ఇవ్వదు. కాబట్టి బరువంతా అగ్రిమెంటు మీదే పడుతుంది.

ఆ అగ్రిమెంటు ఎలా తయారవుతుందో అందరికీ తెలుసు. రిజిస్ట్రేషన్ బెడద తప్పుతుందన్న లెక్కతో 11 నెలలకు రాస్తారు. స్టాంపు కాగితాలు అమ్మేచోట ఉండే పాత నమూనాలో పేర్లు, అద్దె, తేదీ మార్చి ప్రింటు తీస్తారు. కరెంటు బిల్లు, మెయింటెనెన్సు, వెళ్లేటప్పుడు పెయింటింగు డబ్బులు, అన్నీ ఉంటాయి. పురుగుల ఊసు మాత్రం ఉండదు.

2021 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన నమూనా అద్దె చట్టంలోనైనా ఉంటుందనుకుంటే అక్కడా నిరాశే. దాని రెండో షెడ్యూలు పనులను రెండు భాగాలుగా పంచింది. కట్టడానికి సంబంధించిన మరమ్మతులు, గోడల సున్నం, తలుపులు కిటికీల రంగు, నీటి పైపుల మార్పిడి, కరెంటు వైరింగు యజమానికి. కుళాయి వాషర్లు, కాలువల శుభ్రం, గీజరు, స్విచ్చులు, తాళాలు, కిటికీ అద్దాలు, ఆఖరికి దోమతెరల జాలీ మార్చడం అద్దెకున్నవారికి. జాలీ దాకా వెళ్లిన చేయి ఆ జాలీ దేనికోసమో ఆ పురుగు దగ్గర ఆగిపోయింది. చెదలు, బొద్దింకలు, నల్లులు, ఎలుకలు ఏ భాగంలోనూ లేవు. యజమాని తన వంతు చేయించకపోతే అద్దెకున్నవారు చేయించుకుని, ఏ నెలలోనూ అద్దెలో సగం మించకుండా పట్టుకోవచ్చనే వీలు అందులో ఉంది. కానీ నమూనా నమూనాయే. రాష్ట్రం తన చట్టంగా చేసుకున్నప్పుడే దానికి ప్రాణం.

అందుకే ఏ పురుగు ఎవరి బాధ్యత అన్నదాన్ని పురుగు బతికే తీరును బట్టే నిర్ణయించుకోవాలి. ఎవరి ఇల్లు, ఎవరి శుభ్రత అన్న వాదన దగ్గర మొదలుపెడితే ఎటూ తేలదు.

చెదల సంగతి అన్నిటికన్నా తేలిక. పుట్ట నేలలో ఉంటుంది. తడి ఆరకుండా, వెలుతురు తగలకుండా పెన్సిల్ మందాన మట్టి గొట్టం కట్టుకుంటూ గోడ వెంట, స్కర్టింగ్ సందుల్లో, పైపుల డక్టులో ఎక్కుతాయి. మూడో అంతస్తులో కబోర్డు వెనక గుల్ల అయిందంటే దారి కింది నుంచే వచ్చి ఉంటుంది. గొట్టం కనబడగానే చీపురుతో మొత్తం చెరిపేయడం చాలా ఇళ్లలో జరిగే పొరపాటు. మందు ఎక్కించవలసిన దారి తెలిపే గుర్తు అదే. ఒకచోట రెండంగుళాలు మాత్రం చెరిపి, రెండు మూడు రోజులు చూడండి. మళ్లీ కడితే లోపల పని నడుస్తున్నట్టే. కట్టకపోతే మాత్రం చచ్చాయని అనుకోకూడదు. దారి మార్చుకుని ఉండొచ్చు. స్క్రూడ్రైవర్ పిడితో ద్వారబంధాన్ని కింది నుంచి పైకి తట్టుకుంటూ వెళ్తే గుల్ల శబ్దం ఎంత ఎత్తు వరకు వస్తోందో తెలుస్తుంది. ఫొటోలు తీసి, తేదీతో ఓనరుకు పంపాలి. ఇదంతా మందు కొట్టే మనిషి రాకముందు జరగాలి.

కట్టేసిన ఇళ్లకు చెదల మందు ఎలా వేయాలో భారతీయ ప్రమాణం ఐఎస్ 6313 మూడో భాగం చెబుతుంది. గోడ, నేల కలిసే చోట 12 మి.మీ. రంధ్రాలు, ఒక్కోటి 30 సెం.మీ. దూరంలో. నేల ఇంక తాగనంటున్న వరకు, లేదా రంధ్రానికి ఒక లీటరు వరకు మందు నీళ్లు పట్టించాలి. చెక్క గోడను కలిసే చోట 6 మి.మీ. రంధ్రాలు కిందికి ఏటవాలుగా వేసి అర లీటరు దాకా. తర్వాత అదే రంగులో పూడ్చాలి. మందు క్లోర్‌పైరిఫాస్ 20 శాతానిదైతే లీటరుకు 19 లీటర్ల నీళ్లు కలిపితే కావలసిన 1 శాతం వస్తుంది. ఇమిడాక్లోప్రిడ్ అయితే 0.075 శాతానికి, బైఫెంత్రిన్ అయితే 0.05 శాతానికి పలుచన చేయాలి.

ఇప్పుడు లెక్క వేయండి. 12 అడుగులు, 10 అడుగుల గది చుట్టుకొలత 44 అడుగులు, అంటే 13 మీటర్ల పైచిలుకు. తలుపు సందు తీసేసినా 40 రంధ్రాలకు తగ్గవు. గది ఒక్కదానికే 40 లీటర్ల దాకా మందు నీళ్లు పట్టొచ్చు. అలాంటిది, 5 లీటర్ల చేతి స్ప్రేయరు తెచ్చి రెండు పడగ్గదుల ఫ్లాటంతా అరగంటలో ముగించి, ఏడాది గ్యారంటీ కాగితం ఇచ్చి వెళ్లేవారు ఏం చేసినట్టు? గొట్టంలో తిరుగుతున్న కూలి చెదలను చంపారు. రాణి నేలలో క్షేమం. రెండు మూడు నెలలకు రెండడుగుల అవతల కొత్త గొట్టం వస్తుంది. అప్పుడు ఓనరు 'మొన్ననే చేయించాను కదా, మీరే ఏదో చేస్తున్నారు' అంటారు. ఆయన డబ్బు పెట్టిన మాట నిజమే, పని జరగని మాట కూడా నిజమే.

నేలకు డ్రిల్లు పెట్టే హక్కు అద్దెకున్నవారికి లేదు. గోడలో పైపు ఎక్కడ పోతోందో, కరెంటు గొట్టం ఎక్కడుందో చెప్పగలిగేది కూడా యజమానే. ఆ హక్కు లేనివారి మీద ఆ ఖర్చు వేయడం ఏ విధంగా చూసినా కుదరదు. చెదలకు మూలం చాలాసార్లు బాత్‌రూమ్ గోడ లోపలి లీకేజీ. దాన్ని ఆపకుండా ఎంత మందు పోసినా తడి ఉన్నచోటికి మళ్లీ వస్తాయి. పైపుల మార్పిడి యజమానిదేనని నమూనా చట్టమే అంటోంది గనుక ఇందులో వాదన మిగలదు. అద్దెకున్నవారి బాధ్యతా లేకపోలేదు. అటక మీద, గోడకు ఆనించి పాత పేపర్లు, అట్టపెట్టెలు ఏడాది తరబడి కదపకుండా ఉంచడం, గొట్టం చూసి కూడా నెలల తరబడి చెప్పకపోవడం వారి లోపాలు. చెప్పడంలో చేసిన ఆలస్యానికి కబోర్డు పూర్తిగా పోతే, ఆ అదనపు నష్టంలో వాటా అడగడం న్యాయమే.

బొద్దింకల దగ్గరకు వస్తే రెండు రకాలను విడదీయాలి. బొటనవేలంత, ఎర్రగోధుమ రంగులో, రాత్రిళ్లు బాత్‌రూమ్ జాలీలోంచి వచ్చేది డ్రైనేజీది. మ్యాన్‌హోళ్లు, డక్టులు, వాననీటి పైపులు దాని ఇల్లు. మీ వంటగది ఎంత శుభ్రంగా ఉన్నా అది వస్తుంది. దానికి ఫ్లాటులో మందు కొట్టడం దండగ. మ్యాన్‌హోళ్లకు మందు, పగిలిన మూతల మార్పిడి అపార్టుమెంటు అసోసియేషన్ పని, దాని ఖర్చు మెయింటెనెన్సులోంచి రావాలి. ఫ్లాటులో చూడవలసింది నహానీ ట్రాప్, అంటే నీళ్లు పోయే జాలీ కింది అమరిక. అందులో నిలిచే నీరు 50 మి.మీ. లోతు ఉంటే కింది నుంచి వాసన పైకి రాదు, పురుగు రావడమూ కష్టం. రెండు నెలలు టులెట్ బోర్డు వేలాడిన ఇంట్లో ఆ నీరు ఎండిపోతుంది, దారి తెరుచుకుంటుంది. ఖాళీ ఇంట్లో వారానికోసారి ప్రతి ట్రాపులో ఒక మగ్గు నీళ్లు పోయమని వాచ్‌మన్‌కు చెప్పడం ఓనరుకు పైసా ఖర్చు లేని పని. ట్రాపు లోపలి గిన్నెనే తీసి పారేసిన ఇళ్లు కూడా ఉంటాయి, నీళ్లు త్వరగా పోవాలని. అక్కడ కొత్తది పెట్టించడం తప్ప మార్గం లేదు.

రెండోది అరంగుళం పొడవున, లేత గోధుమ రంగులో, మెడ మీద రెండు నల్ల చారలతో ఉండే చిన్న బొద్దింక. జర్మన్ బొద్దింక అంటారు. ఇది డ్రైనేజీ నుంచి రాదు. కిరాణా సంచిలో, అట్టపెట్టెలో, పాత ఫ్రిజ్ మోటారు దగ్గర, పక్క ఫ్లాటు గోడ సందులోంచి వస్తుంది. ఆడది 30 నుంచి 40 గుడ్లున్న తిత్తిని పిల్లలు వచ్చే ముందు దాకా మోసుకు తిరుగుతుంది. మందు ఆ తిత్తి లోపలికి చేరదు. అందుకే ఒక్కసారి చేయించి ఊరుకుంటే ఇల్లు అలకగానే పండగ అనుకున్నట్టే. రెండు మూడు వారాలకు రెండోసారి తప్పదు.

దీనికి స్ప్రే కన్నా జెల్ మేలు. ఫిప్రోనిల్ 0.05 శాతం, లేదా ఇమిడాక్లోప్రిడ్ 2.15 శాతం జెల్‌ను బియ్యపు గింజంత చుక్కలుగా కబోర్డు తలుపుల కబ్జాల పక్కన, సింకు కింద, ఫ్రిజ్ రబ్బరు వెనక, స్విచ్‌బోర్డు అంచున పెట్టాలి. పెద్ద ముద్దలు పెడితే ఎండిపోతాయి, తినవు. జెల్ పెట్టిన చోట హిట్ కొట్టినా, చాక్‌పీసు మందు గీతలు గీసినా బొద్దింక అటు రాదు, జెల్ వృథా. నెలపాటు ఆ చుక్కలను తుడవకూడదు. 'జెల్ పనిచేయలేదు' అన్న ఫిర్యాదుల్లో మొదట అడగవలసింది ఇదే: తర్వాత ఎవరైనా స్ప్రే కొట్టారా, అరలు కడిగారా అని. స్ప్రే వల్ల ఇంకో ఇబ్బంది, పురుగు చావక ముందే చెదిరి పక్కింటికి పోతుంది. 201 లో కొడితే 202 లోకి, పైపుల వెంట 301 లోకి. వంటగదులు ఒకదానిపై ఒకటి ఉండే అపార్టుమెంట్లలో ఆ నిలువు వరస మొత్తానికీ, రెండు పక్కల ఫ్లాట్లకూ ఒకే వారంలో జెల్ పెట్టించినప్పుడే ఫలితం ఉంటుంది. వీటిలో ఒక్క ఇంటివారు తలుపు తీయకపోయినా మిగతావారి డబ్బు నీళ్లపాలే.

ఖర్చు ఎవరిదంటే, చేరిన మొదటి 30 రోజుల్లో చిన్న బొద్దింకలు గుంపులుగా కనిపిస్తే యజమానిది. ఒక సంచిలో వచ్చిన ఒకటి రెండు పురుగులు నెలలోపు కబ్జాల సందులు నింపేంత సంతానాన్ని పెంచలేవు. ఇల్లు చూపించే ముందురోజు సైపర్‌మెత్రిన్ కొట్టించి, వాసన పోవడానికి అగరుబత్తి వెలిగించడం కొందరు ఓనర్లకు అలవాటు. అలాంటి ఇంట్లో పగలు ఒక్క పురుగూ కనబడదు, పదిహేను రోజులకు బయటికొస్తాయి. అద్దెకు దిగేవారు ఇల్లు చూసేటప్పుడు కబ్జాల దగ్గర మిరియాల పొడిలా నల్లటి చుక్కలున్నాయేమో, అరల మూలల్లో ఖాళీ గుడ్ల తిత్తులున్నాయేమో వెతకాలి. సామాను సర్దకముందే, మొదటి రాత్రి జిగురు అట్టలు నాలుగు వంటగదిలో పెట్టి ఉదయం ఫొటో తీసుకుంటే తర్వాత ఎవరూ కాదనలేరు. ఆరు నెలలు శుభ్రంగా ఉన్న ఇంట్లో, పక్క ఫ్లాట్లలో లేకుండా, ఈ ఇంట్లో మాత్రమే పుట్టుకొస్తే అది అద్దెకున్నవారి ఖర్చే. రాత్రి ఎంగిలి గిన్నెలు సింకులో, చెత్తబుట్ట మూత లేకుండా ఉంచి ఓనరును పిలవడం సమంజసం కాదు.

నల్లుల విషయంలోనే నిజమైన చిక్కు. అవి మురికిని చూసి రావు, మనిషిని చూసి వస్తాయి. సంచుల కుట్లలో, సెకండ్‌హ్యాండ్ మంచం సందుల్లో, ఇల్లు మారేటప్పుడు వ్యానులో కప్పిన దుప్పట్లలో ప్రయాణం చేస్తాయి. రక్తం లేకుండా నెలల తరబడి బతుకుతాయి గనుక ఇల్లు ఖాళీగా ఉంది, కాబట్టి నల్లులు లేవనడానికి వీల్లేదు. చాలా మందులు గుడ్డును చంపవు. వారం పది రోజుల్లో పిల్లలు వస్తాయి. అందుకే రెండో విడత 10 నుంచి 14 రోజుల మధ్య పడాలి, ముందు కాదు, వెనక కాదు. పైరెత్రాయిడ్ మందులకు (సైపర్‌మెత్రిన్ ఆ జాతిదే) చాలాచోట్ల అవి అలవాటుపడిపోయాయి. మామూలు స్ప్రే కొట్టగానే కొన్ని చావడం, మిగతావి పక్క గదికి మారడం అందుకే. దుప్పట్లు, దిండు గలీబులు 60 డిగ్రీల వేడి నీళ్లలో ఉతకడం, మంచం జాయింట్లు విప్పి ఆవిరి పట్టించడం మందుతో సమానమైన పని. పరుపును ఎండలో వేస్తే పోతాయనేది సగమే నిజం. ఎండ తగిలే వైపు నుంచి నీడ వైపుకు జరుగుతాయంతే.

అమీర్‌పేట, గచ్చిబౌలి హాస్టళ్లలో ఒక్కో గదిలో నలుగురు, నెలకొకరు మారుతుంటే, ఎవరు తెచ్చారని అడగడంలో అర్థం లేదు. అక్కడ అది హాస్టలు నడిపేవారి వ్యాపార ఖర్చే. కుటుంబం ఉండే ఫ్లాటులో అయితే ఒక కొలత పెట్టుకోవచ్చు: ఒకే ఫ్లాటులో ఉండి, చేరిన 30 రోజుల తర్వాత బయటపడితే అద్దెకున్నవారిది, అదే భవనంలో రెండు ఫ్లాట్లలో కనబడితే యజమానులది, అసోసియేషన్‌ది. ఇది నూటికి నూరుపాళ్లు న్యాయం కాకపోవచ్చు. కానీ ఎవరు తెచ్చారో రుజువు చేయలేని చోట తేదీ, పరిధి తప్ప ఆధారం ఉండదు. న్యూయార్క్ నగరంలో అద్దెకు దిగే మన తెలుగువారికి లీజుతోపాటు ఒక కాగితం అందుతుంది. గడచిన ఏడాదిలో ఆ ఫ్లాటులో, ఆ భవనంలో నల్లులు వచ్చాయా, మందు వేయించారా అని యజమాని రాసి ఇవ్వాలి. అక్కడ 2018లో చేసిన మరో స్థానిక చట్టం మూడు, అంతకు మించి ఇళ్లున్న భవనాల యజమానులు బొద్దింకలు, ఎలుకల కోసం ఏటా తనిఖీ చేయాలంటుంది. అమెరికాలో ఆ కాగితం అడిగి తీసుకునేవారే కూకట్‌పల్లిలో తమ ఫ్లాటు అద్దెకిచ్చేటప్పుడు తాళంచెవులు వాచ్‌మన్‌కు అప్పగించి ఊరుకోవడం చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు.

ఎలుకలకు సూత్రం ఒక్కటే: రంధ్రం ఎవరు చేశారో వారే మూయాలి. ఏసీ పైపు కోసం గోడకు వేసిన రంధ్రం చుట్టూ ఖాళీ వదిలేస్తే అది ఏసీ బిగించుకున్నవారి పని. తలుపు కింద సందు, పగిలిన వెంటిలేటరు, డక్టు తలుపు ఓనరువి. పార్కింగులో పందికొక్కుల బొరియలు అసోసియేషన్‌వి. చిట్టెలుక దూరడానికి 6 మి.మీ. సందు చాలు. ఫోమ్‌తో, థర్మాకోల్‌తో మూస్తే కొరికేస్తుంది. స్టీలు పీచు కుక్కి దానిపై సిమెంటు పూయాలి, పెద్ద వాటికి 6 మి.మీ. కన్నున్న ఇనుప జాలీ. ఇవి మూయకుండా మందు పెడితే చచ్చిన ఎలుక అటక వెనక కుళ్లి వాసన, ఆ తర్వాత ఈగలు. దోమల సంగతి అందరికీ తెలిసిందే. ట్యాంకు, సంపు మూతలు, సెప్టిక్ ట్యాంకు గాలి గొట్టానికి జాలీ ఓనరువి. కూలరు, పూలకుండీల పళ్లేలు ఉన్నవారివి. కిటికీలకు జాలీ మొదటిసారి బిగించడం ఓనరు పని, చిరిగితే మార్చుకోవడం ఉన్నవారి పని.

డబ్బు తగాదా కన్నా భయపెట్టేది ఇంకొకటుంది. ఖర్చు తనది కాదనుకున్న ప్రతి ఒక్కరూ చవకగా పని కానివ్వాలని చూస్తారు. ఆ చవకలో అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లలు ఇళ్లలోకి వస్తున్నాయి. గోదాముల్లో ధాన్యానికి వాడే మందు అది. గాలిలోని తడి తగలగానే ఫాస్ఫీన్ వాయువు విడుదలవుతుంది. మూసిన గదిలోంచి గోడ పగుళ్లు, డక్టులు, ఏసీ పైపు రంధ్రాల వెంట పక్క ఫ్లాటుకు పాకుతుంది. దానికి విరుగుడు లేదు. ఎలుకలకు వాడే పసుపు భాస్వరం పేస్టుకూ లేదు. 2024 నవంబరులో చెన్నై శివారు కుండ్రత్తూరులో ఇంట్లో ఎలుకల మందు పెట్టించిన కుటుంబంలో ఇద్దరు పిల్లలు చనిపోయారు. నివాసాల్లో ఈ బిళ్లలు ఎవరు పెడతామన్నా, ఓనరు ఒప్పుకున్నా, వద్దనే చెప్పాలి. పెట్టారని తెలిస్తే ఇంట్లోంచి బయటికొచ్చి, పక్కవారిని, పైవారిని లేపి, 108 కు ఫోను చేయాలి.

1968 నాటి క్రిమిసంహారక మందుల చట్టం ప్రకారం వ్యాపారంగా పెస్ట్ కంట్రోల్ చేసేవారికి లైసెన్సు ఉండాలి. దాని నకలు అడగడం అవమానం కాదు. బిల్లు మీద లైసెన్సు నంబరు, మందు పేరు, శాతం, బ్యాచి నంబరు, గడువు తేదీ, ఎన్ని లీటర్లు, ఎక్కడెక్కడ, ఎన్ని గంటల తర్వాత లోపలికి రావచ్చు అన్నవి రాయించుకోవాలి. డబ్బా మీది త్రికోణం రంగు చూడండి. ఎరుపు అత్యంత విషం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. పసిపిల్లలు, ఆస్తమా ఉన్నవారు, గర్భిణులు, పెంపుడు జంతువులు ఇంట్లో ఉంటే ముందే చెప్పాలి. చేపల తొట్టి ఉంటే గాలి పంపు ఆపి, మూత కప్పాలి. పైరెత్రాయిడ్‌లు చేపలకు ప్రాణాంతకం. పని సరిగా జరగకపోతే సేవా లోపం కింద వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. ఏం వాడారో రాసి ఉన్న బిల్లు లేకుండా వెళ్తే మాత్రం చేతిలో ఆధారం ఉండదు.

ఇక అగ్రిమెంటులో చేర్చుకోదగ్గ పేరా ఒకటి రాస్తున్నాను. ఎవరైనా మార్చుకుని వాడుకోవచ్చు. 'ఇల్లు అప్పగించే ముందు ఏడు రోజుల్లోపు యజమాని తన ఖర్చుతో లైసెన్సున్న సంస్థచేత బొద్దింకలకు, నల్లులకు మందు వేయించి బిల్లు నకలు ఇవ్వాలి. చెదలు, డ్రైనేజీ పురుగులు, కట్టడంలోని సందుల ద్వారా వచ్చే ఎలుకల నివారణ కాలపరిమితి అంతా యజమానిదే. అప్పగించిన 30 రోజుల్లోపు లిఖితపూర్వకంగా గానీ వాట్సాప్‌లో గానీ ఫొటోతో తెలిపిన పురుగులకు రెండు విడతల ఖర్చు యజమానిది. ఆ తర్వాత ఈ ఇంటికే పరిమితమైన బొద్దింకలు, నల్లుల ఖర్చు అద్దెదారుది. ఒకటికి మించిన ఇళ్లలో ఉంటే యజమానిది. చెదల జాడ కనిపించిన 7 రోజుల్లో అద్దెదారు తెలపాలి. తెలిపిన 15 రోజుల్లో యజమాని పని మొదలుపెట్టాలి. 24 గంటల ముందు చెప్పి వస్తే అద్దెదారు తలుపు తీయాలి, అరలు ఖాళీ చేసి ఇవ్వాలి. బిల్లు చూపకుండా పెస్ట్ కంట్రోల్ పేరుతో అడ్వాన్సులో కోత ఉండదు.' 15 రోజుల గడువు ఎక్కువనిపిస్తే 10 చేసుకోండి. చెదలు ఒక్క వారంలో ద్వారబంధాన్ని తినేయవు, కాబట్టి కంగారుగా దొరికినవారిని పిలవడం కన్నా సరైనవారి కోసం నాలుగు రోజులు ఆగడం మంచిది.

ఓనర్ల పక్షాన తరచూ వినపడే మాట, అద్దెలో ఇవన్నీ ఎక్కడ భరించగలమని. అద్దె ఆదాయం మీద పన్ను లెక్కగట్టేటప్పుడు ఇంటి పన్ను పోగా మిగిలినదాంట్లో 30 శాతాన్ని మరమ్మతుల నిమిత్తం అన్నట్టు తీసివేయనిస్తారు. రూపాయి ఖర్చు పెట్టకపోయినా ఆ 30 శాతం దొరుకుతుంది, బిల్లు అడగరు. ఆ వెసులుబాటు పొందుతూ, ఖాళీ చేసేవారి దగ్గర ఒక నెల అద్దెను పెయింటింగు కింద ఉంచుకుంటూ, గుమ్మం చెదలకు కూడా వారి జేబే చూడటం న్యాయం అనిపించుకోదు.

తెలంగాణ ప్రభుత్వం 1960 నాటి చట్టం స్థానంలో కొత్త అద్దె చట్టం తెచ్చే రోజున, నమూనా చట్టం రెండో షెడ్యూలును యథాతథంగా దించుకోకుండా రెండు వాక్యాలు కలపాలని మా విన్నపం. యజమాని భాగంలో 'చెదల నివారణ, అప్పగింతకు ముందు పురుగుల మందు, డ్రైనేజీ ట్రాపులు, కట్టడంలోని సందుల మూసివేత' అని. అద్దెదారు భాగంలో 'ఇంటికే పరిమితమైన బొద్దింకలు, నల్లుల నివారణ, జాడ కనిపించిన వెంటనే తెలపడం' అని. ఆంధ్రప్రదేశ్ శాసనకర్తలకూ ఇదే మనవి. దీనితోపాటు, లైసెన్సున్న పెస్ట్ కంట్రోల్ సంస్థల జాబితాను మండలాల వారీగా జనం చూసుకునేలా వ్యవసాయ శాఖ తెలుగులో పెట్టగలిగితే, వానలు ముదరకముందే పెడితే, ఈ ఏటి చెదలకైనా పనికొస్తుంది.

ఇట్లు,
పెస్ట్ కంట్రోల్ వృత్తిలో ఉన్న పాఠకులు,
హైదరాబాద్